మంచు కాదు మాస్టారూ, పొగ

సంక్రాంతి వెళ్లాక నాకొచ్చే ఉత్తరాల్లో సగానికి పైగా దగ్గు ఉత్తరాలే ఉంటాయి. ఈసారి వాటిలోంచి గాలి గురించి అడిగినవి ఏరిపెట్టుకున్నాను. మొదటిది మా విశాఖపట్నం ఉత్తరం. ఊరి మీద ప్రేమ కొద్దీ దానికి ఎక్కువ చోటు ఇచ్చాను. మిగతావాళ్లు ఏమీ అనుకోకండి.

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నేను రిటైరైన లెక్కల టీచర్ని. వయసు 67. రెండేళ్ల కిందట గుండెకి స్టెంట్ వేశారు. రోజూ తెల్లవారుజామున ఐదున్నరకి బీచ్ రోడ్డులో నడుస్తాను. డిసెంబరు, జనవరి నెలల్లో సముద్రం మీద మంచు కమ్ముకుని, లంగరేసిన ఓడలు కూడా కనపడవు. మొన్న నా ఫోన్‌లో యాప్ గాలి నాణ్యత 150 అని నారింజ రంగులో చూపించింది. అదే పొద్దున మా అల్లుడి ఫోన్‌లో ‘సమీర్’ యాప్ 92 అని ఆకుపచ్చగా చూపించింది. మీ యాప్ తప్పంటాడు. పక్కనే సముద్రం, మా వీధిలో ఫ్యాక్టరీ లేదు, మరి ఇంత కాలుష్యం ఎక్కడినుంచి వస్తోంది? నా గుండెకీ దీనికీ సంబంధం ఉందా?
(ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం)

జవాబు: మాస్టారూ, ముందు లెక్క తేల్చేద్దాం. మీదీ తప్పు కాదు, అల్లుడిదీ తప్పు కాదు. ఒకే ఆన్సర్ షీటుని ఇద్దరు ఎగ్జామినర్లు దిద్దారు. ఒకరు అమెరికా పద్ధతిలో, ఒకరు మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పద్ధతిలో. ఘనపు మీటరు గాలిలో 55 మైక్రోగ్రాముల సన్నధూళి ఉందనుకోండి. దీన్నే పీఎం 2.5 అంటారు. ఆ 55ని అమెరికా పట్టికలో వేస్తే దాదాపు 150 వస్తుంది, మన పట్టికలో వేస్తే 92 వస్తుంది. ఇకమీదట రంగులు వదిలేసి, యాప్‌లో కాస్త కిందకి జరిపి పీఎం 2.5 ఎన్ని మైక్రోగ్రాములో చూసుకోండి. మామా అల్లుళ్ల గొడవ చాలావరకు తీరుతుంది. పూర్తిగా తీరదు, ఎందుకంటే సమీర్ 24 గంటల సగటు చూపిస్తుంది, కొన్ని యాప్‌లు ఆ గంటది చూపిస్తాయి.

ఆ 55 మంచిదా చెడ్డదా అంటే అక్కడా ఇద్దరు ఎగ్జామినర్లే. మన దేశం 2009లో పెట్టుకున్న హద్దు రోజుకి 60. ఆ లెక్కన మీ బీచ్ పాసు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన హద్దు 15. ఆ లెక్కన మూడున్నర రెట్లు దాటింది. నన్నడిగితే రెండో ఎగ్జామినరు మాటే వింటాను. ఇంతకంటే తక్కువుంటే ఏ హానీ లేదు అని చెప్పగల గీత ఇప్పటిదాకా ఎవరికీ దొరకలేదు.

2.5 అంటే మైక్రాన్లు. తలవెంట్రుక మందంలో ఇరవయ్యో వంతో పాతికో వంతో. ఇంతకంటే లావుపాటి దుమ్ము చాలావరకు ముక్కులో, గొంతులో ఆగిపోతుంది. చీదితే, ఖాండ్రించి ఉమ్మితే బయటికొస్తుంది. సన్నది ఆగదు. ఊపిరితిత్తుల చివర ఉండే గాలి సంచుల దాకా పోతుంది. అందులోనూ మరీ సన్నని రేణువులు రక్తంలోకీ దిగుతాయి.

ఇక ఎక్కడినుంచి అన్నారు. కొంత మన ఊరిదే. ఉత్తరాన కైలాసగిరి, సింహాచలం కొండలు, దక్షిణాన యారాడ కొండ, మధ్యలో ఊరు గిన్నెలా ఉంటుంది. చలికాలం రాత్రి నేల చల్లబడి, దాన్ని అంటుకున్న గాలి బరువెక్కి కిందే ఉండిపోతుంది. దాని పైన వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. లారీల డీజిల్ పొగ, ఫ్యాక్టరీల పొగ, టిఫిన్ బళ్ల పొయ్యిలు, సందు చివర తగలబెట్టే చెత్త, భోగినాడు పాత టైర్లు వేసిన మంటలు, అన్నీ ఆ మూత కిందే. రాలిన ఆకులు కాల్చొద్దని మా అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌తో నేను పదేళ్లుగా పోట్లాడుతున్నాను. ఇప్పుడు నేను వాకింగ్‌కి వెళ్లేదాకా ఆగి వెలిగిస్తున్నాడు.

ఇంకో మాట చెబితే మీకు కష్టంగా ఉంటుంది. ఐదున్నరకి బీచ్‌లో మీరు పీల్చేది సముద్రపు గాలి కాదు. రాత్రీ తెల్లవారుజామునా గాలి నేల మీదనుంచి సముద్రం వైపు వీస్తుంది. అంటే ఊళ్లో రాత్రంతా పేరుకున్న పొగ మీ మీదుగానే సముద్రంలోకి పోతుంది. ఎండెక్కి నేల వేడెక్కాకే గాలి అటునుంచి ఇటు తిరుగుతుంది.

మిగతాది దూరం నుంచి వచ్చేది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా గాలి మనకి ఉత్తరం, ఈశాన్యం వైపు నుంచి వస్తుంది. పంజాబు నుంచి బెంగాలు దాకా గంగా మైదానంలో పేరుకున్న పొగ, అంటే పొయ్యిలది, ఇటుక బట్టీలది, థర్మల్ కేంద్రాలది, ఆ గాలితో పాటు ఒడిశా మీదుగా బంగాళాఖాతంలోకి దిగుతుంది. దారిలో మనం ఉన్నాం. 1999 జనవరి నుంచి మార్చి దాకా వీరభద్రన్ రామనాథన్, పాల్ క్రుట్జెన్‌ల నాయకత్వంలో శాస్త్రవేత్తలు ఓడలూ విమానాలూ తీసుకెళ్లి హిందూ మహాసముద్రం మీది గాలిని కొలిచారు. ఇండోఎక్స్ అని దాని పేరు. నాలుగు దిక్కులా నీళ్లు తప్ప మరేమీ లేని చోట కూడా గోధుమరంగు పొగతెర కనిపించింది. మీరు చూసే ‘మంచు’లో అదీ ఒక పాయ. అసలు మంచు అయితే తడి తగులుతుంది, ఎండ రాగానే విడిపోతుంది. పదకొండింటికి కూడా ఓడలు మసగ్గానే ఉన్నాయంటే అది మంచు కాదు మాస్టారూ, పొగ.

ఇంత దూరం రాగలిగేది సన్నధూళే. బరువైన దుమ్ము గంటల్లో నేలకి దిగిపోతుంది. సన్నది వాన పడకపోతే వారం దాకా తేలుతూ వేల కిలోమీటర్లు పోగలదు. విచిత్రం ఏమిటంటే, బయలుదేరేటప్పుడు దానిలో కొంత అసలు ధూళే కాదు. బొగ్గు కాలినప్పుడు వచ్చే గంధకపు వాయువు దారిలో సల్ఫేటు రేణువులుగా మారుతుంది. ఎరువు చల్లిన పొలాల నుంచీ పేడ నుంచీ లేచే అమ్మోనియా దానికి తోడవుతుంది. పొగగొట్టం ఎత్తు పెంచితే పక్క వీధివాళ్లు ఊపిరి పీల్చుకుంటారు, పొగ మాత్రం పక్క రాష్ట్రానికి పోతుంది. ఐరోపాలో ఒక దేశం పొగ ఇంకో దేశం చెరువుల్లో ఆమ్లవర్షమై కురిసి గొడవైతే, 1979లో జెనీవాలో కూర్చుని ఒప్పందం రాసుకున్నారు. మనం కృష్ణా నీళ్లకి ట్రిబ్యునల్ వేసుకున్నాం. గాలిలో కొట్టుకొచ్చే పొగకి వాటాలు తేల్చేదెవరు?

ఇప్పుడు మీ గుండె. నేను ఛాతీ డాక్టర్ని. చాలా ఏళ్లు నేనూ గాలి అంటే ఊపిరితిత్తులే అనుకున్నాను. డిసెంబరులో ఆయాసం కేసులతో మా వార్డు నిండినప్పుడే పై అంతస్తులో గుండె వార్డూ నిండుతుండేది. చలికి అనుకునేవాళ్లం. చలి పాత్రా ఉంది, కాదనను. కానీ సన్నధూళి వల్ల ప్రపంచంలో పోయే ప్రాణాల్లో ఎక్కువ భాగం గుండెపోటు, పక్షవాతం ఖాతాలోనే పడుతుంది. గాలి సంచుల్లో పుట్టిన వాపు అక్కడితో ఆగదు. రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుంది, రక్తనాళాలు బిగుసుకుంటాయి, పాత పూడిక ఉన్నచోట పగులు రావచ్చు.

24 దేశాల్లోని 652 నగరాల లెక్కలు తీసి 2019లో ప్రచురించారు. గాలిలో పీఎం 2.5 పది మైక్రోగ్రాములు పెరిగితే, ఆ ఒకటి రెండు రోజుల్లో మరణాలు 0.68 శాతం పెరిగాయి. లెక్కల మాస్టారు కదా, ఒక్క శాతం కూడా లేదే అంటారు. ఒక మనిషికి అది చిన్న అంకె. కానీ ఊళ్లో గాలి పీల్చనివాడు ఎవడూ లేడు. అలాంటి రోజులు ఏడాదికి ఎన్నో. పైగా ఆ పెరిగిన వంతు అందరికీ సమానంగా పడదు. మీలాంటి స్టెంట్ వాళ్ల మీద, షుగరు ఉన్నవాళ్ల మీద, పెద్దవాళ్ల మీద ఎక్కువ పడుతుంది.

నడక మానకండి. టైము మార్చండి. డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఐదున్నర బదులు తొమ్మిది తర్వాత, లేదా సాయంత్రం నాలుగున్నరకి, సముద్రం వైపునుంచి గాలి తగులుతున్నప్పుడు వెళ్లండి. పీఎం 2.5 అరవై దాటిన రోజు ఇంట్లోనే హాల్లో అటూ ఇటూ తిరగండి. దేశం హద్దైన ఆ అరవైనే నడకకి గీతగా పెట్టడం నా సొంత లెక్క, ఏ పుస్తకంలోదీ కాదు. రక్తం పలచబరిచే మాత్ర ఒక్కపూట కూడా మానొద్దు. నడుస్తుంటే ఛాతీలో బరువుగా అనిపిస్తే గ్యాస్ అని సోడా తాగి కూర్చోకండి, నేరుగా ఆస్పత్రికి వెళ్లండి.

ప్రశ్న: మా పొలాలకి కిలోమీటరు దూరంలో కంకర క్రషర్ ఉంది. చింతాకుల మీద, ఆరేసిన బట్టల మీద తెల్లటి దుమ్ము. మా తమ్ముడు అందులో ఆరేళ్లుగా పని చేస్తున్నాడు. నాలుగు నెలలుగా పొడిదగ్గు. అడిగితే, ‘ఒక్క క్రషర్ ఆపితే లోకం బాగుపడుతుందా’ అని ఊరి పెద్దలంటున్నారు.
(పేరూ ఊరూ వేయొద్దన్నారు)

జవాబు: మీరు రెండు విషయాలు కలిపి అడిగారు. చింతాకు మీద కనిపించే దుమ్ము చాలావరకు లావుది. కంటికీ ముక్కుకీ చెరుపు, ఉబ్బసం ఉన్నవాళ్లకి ఇబ్బంది, పంటకీ నష్టం. నాకు అంతకంటే భయం మీ తమ్ముడి గురించి. రాయి పగిలేచోట లేచే దుమ్ములో సిలికా ఉంటుంది. కంటికి కనపడనంత సన్నది లోపలికి పోయి ఊపిరితిత్తిని మచ్చ కట్టిస్తుంది. సిలికోసిస్ అంటారు. ఒకసారి మచ్చ కట్టాక వెనక్కి తిప్పే మందు లేదు. పైగా టీబీ వచ్చే అవకాశం బాగా పెరుగుతుంది. ఈ వారంలోనే ప్రభుత్వ ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఎక్స్‌రే, ఊదే పరీక్ష, కఫం పరీక్ష చేయించండి. టీబీ పరీక్షకీ మందులకీ అక్కడ డబ్బు కట్టక్కర్లేదు. డాక్టరుతో మొదటి మాటగా ‘క్రషర్‌లో పని’ అని చెప్పండి. ఈ ఒక్క మాట చెప్పక, ఏడాది పాటు దగ్గు సిరప్పులు తాగి వచ్చినవాళ్లని చాలామందిని చూశాను. ముఖానికి తువ్వాలు చుట్టుకుంటే సరిపోదు, సిలికా దాన్ని దాటిపోతుంది. రాయి పడేచోట నీళ్లు చల్లాలి, బెల్టుల మీద రేకు కప్పాలి. అవి యజమాని పెట్టాల్సిన ఖర్చు.

ఊరి పెద్దలకి ఒక సంగతి చెప్పండి. అమెరికాలోని ఉటా రాష్ట్రంలో, కొండల మధ్య లోయలో ఒక స్టీలు మిల్లు ఉండేది. కార్మికుల తగాదాతో 1986లో మూతపడి, 13 నెలల తర్వాత మళ్లీ తెరిచారు. ఆర్డెన్ పోప్ అనే ఎకనామిక్స్ ప్రొఫెసరు ఆ చుట్టుపక్కల ఆస్పత్రుల లెక్కలు తిరగేశాడు. మిల్లు నడిచిన చలికాలాల్లో ఉబ్బసం, బ్రాంకైటిస్‌తో ఆస్పత్రిలో చేరిన పిల్లలు, మిల్లు మూతపడ్డ చలికాలం కంటే రెండు మూడు రెట్లు ఎక్కువ. స్టీలు మిల్లు పొగా క్రషర్ దుమ్మూ ఒకటి కాదు. కానీ ఒక్కటి ఆగితే ఏమవుతుందని అడిగారు కాబట్టి చెబుతున్నాను. లోకం సంగతి తర్వాత, ఆ లోయలో పిల్లలు బాగుపడ్డారు.

ప్రశ్న: నాకు ఐదో నెల. ఇంట్లో గ్యాస్ ఉంది. అయినా మా అత్తగారు స్నానాలకి కాగు నీళ్లూ, అన్నమూ, పాలూ కట్టెల పొయ్యి మీదే పెడతారు. కొబ్బరి మట్టలు, డొక్కలు ఊరికే దొరుకుతుంటే గ్యాస్ ఎందుకు తగలెయ్యడం అంటారు. పొయ్యి వంటింటి వసారాలోనే. పొగ కడుపులో బిడ్డకి మంచిది కాదని ఎక్కడో చదివాను. ఆవిడకి చెప్పే ధైర్యం లేదు.
(అమలాపురం దగ్గర పల్లె)

జవాబు: అమ్మా, నువ్వు చదివింది నిజమే. పొగ ఎక్కువ పీల్చిన తల్లులకి బిడ్డ తక్కువ బరువుతో, నెలలు నిండకుండా పుట్టే అవకాశం పెరుగుతుంది. పైన మాస్టారి బీచ్‌లో 55 అని అంత సేపు మాట్లాడుకున్నాం. తలుపులేసిన వంటింట్లో కట్టెల పొయ్యి రాజేస్తే ఆ అంకె వందల్లో ఉంటుంది, ఒక్కోసారి వెయ్యి దాటుతుంది. 2019లో మన దేశంలో గాలి కాలుష్యం వల్ల పోయారని లెక్కగట్టిన ప్రాణాలు 16.7 లక్షలు. అందులో 6 లక్షలకి పైగా ఇళ్లలోని పొయ్యి పొగ వల్ల.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఆయాసంతో వచ్చిన ప్రతివాళ్లనీ బీడీ తాగుతావా, చుట్ట తాగుతావా అని అడిగేవాణ్ణి. ఒకసారి అనకాపల్లి వైపు నుంచి ఒకావిడ వచ్చింది. యాభై ఏళ్లుంటాయి. రెండు వాక్యాలు మాట్లాడితే ఒకసారి ఆగేది, పిల్లికూతలు గుమ్మం దాకా వినపడుతున్నాయి. చుట్ట అలవాటు లేదంది. నమ్మలేదు. నాలుగోసారి అడిగితే చేతులు చూపించింది. వేళ్ల సందుల్లో కడిగినా పోని మసి. నలభై ఏళ్లు ఊదుగొట్టం ఊదిన చేతులు. అప్పటినుంచి పొయ్యి గురించి అడగనిదే నేను మందు రాయలేదు.

ఇక ధైర్యం సంగతి. బిడ్డ పేరు ముందు ఎత్తకు. ‘మేమంతా కనలేదా’ అనే మాట రెడీగా ఉంటుంది. ఆవిడ ఆరోగ్యం నుంచి మొదలుపెట్టు. పొద్దున్నే దగ్గు వస్తోందా, కళ్లు మసకేస్తున్నాయా అని అడుగు. కట్టెల పొగలో వంట చేసిన ఆడవాళ్లలో కంటి శుక్లాలు ఎక్కువ. నెలవారీ చెకప్‌కి వెళ్లినప్పుడు ఆవిడనీ వెంటబెట్టుకెళ్లి, ఆ డాక్టరు చేత చెప్పించు. కోడలి మాట కంటే తెల్లకోటు మాటకి విలువెక్కువ, అది మన ఇళ్లలో ఉన్నదే. ఈలోపు కాగు పొయ్యిని పెరట్లోకి, గాలి తగిలే చోటికి మార్పించు. మట్టలు బాగా ఎండాకే వాడమను, పచ్చివి రెట్టింపు పొగ పెడతాయి. అన్నం, పాలు గ్యాస్ మీద. నీళ్లు కాగేటప్పుడు నువ్వు ఆ దరిదాపుల్లో ఉండకు. మీ వైపు దోమలు ఎక్కువ కదా, రాత్రి మూసిన గదిలో దోమల కాయిల్ వెలిగించకండి, దోమతెర కట్టుకోండి. ఒక్క కాయిల్ మొత్తం కాలితే వచ్చే సన్నధూళి 75 నుంచి 137 సిగరెట్లకి సమానమని కొలిచి చెప్పారు.

ప్రశ్న: మా అబ్బాయికి చిన్నప్పటినుంచి ఉబ్బసం. సివిల్స్ కోచింగ్‌కి ఢిల్లీ ఓల్డ్ రాజేంద్రనగర్‌లో చేరుతానంటున్నాడు. పంపాలా వద్దా? నాకు టెన్షన్‌గా ఉంది.
(కరీంనగర్)

జవాబు: పంపండమ్మా, కానీ క్యాలెండరు చూసి పంపండి. అక్టోబరు చివరి నుంచి జనవరి దాకా అక్కడ గాలి మన లెక్కలోనే 400 దాటే రోజులుంటాయి. అంటే పీఎం 2.5 రెండు వందల యాభై పైన. పంజాబు, హరియాణాల్లో కాల్చే వరి కొయ్యకాళ్ల పొగ, దీపావళి బాణసంచా, ఊళ్లో బండ్ల పొగ, కదలని గాలి, అన్నీ ఒకేసారి. (కొయ్యకాళ్లు కాల్చడం మన వైపూ మొదలైంది. కోత మిషన్లు వచ్చాక మరీ ఎక్కువైంది.) ఉబ్బసం అదుపులో ఉంచే రోజువారీ ఇన్‌హేలర్‌ని బాగున్నానని మధ్యలో మానేయకుండా చూడండి. మగపిల్లలు సరిగ్గా అదే చేస్తారు. డోసు మార్చాలేమో దసరాకి ముందే డాక్టర్ని అడగండి. వీలైతే దీపావళికి ఇంటికి రప్పించుకుని, మూడు వారాలు ఆన్‌లైన్‌లో క్లాసులు విననివ్వండి. అక్కడున్నప్పుడు బయటికెళ్తే ఎన్95 మాస్కు, ముక్కు దగ్గరా బుగ్గల దగ్గరా సందు లేకుండా. నీలం రంగు సర్జికల్ మాస్కులో పక్కల నుంచి గాలి అలాగే వస్తుంది. గదికి ప్యూరిఫయర్ కొంటే హెపా ఫిల్టరు ఉన్నది, గది సైజుకి తగ్గది కొనండి. తలుపు తీసిపెట్టి ప్యూరిఫయర్ వేస్తే ఫ్యాన్ వేసినట్టే.

ప్రశ్న: నేను రైసు మిల్లులో పని చేస్తాను. ఊక దుమ్ము బాగా ఉంటుంది. సాయంత్రం ఇంటికెళ్లేటప్పుడు మా ఓనరు అందరికీ తలా ఒక బెల్లం ముక్క ఇస్తాడు, దుమ్ము కడిగేస్తుందని. నిజమేనా?
(మిర్యాలగూడ)

జవాబు: కాదు తమ్ముడూ. బెల్లం పొట్టలోకి పోతుంది, దుమ్ము ఊపిరితిత్తిలోకి పోతుంది. గొంతు దగ్గరే దారులు వేరైపోతాయి. గొంతు గరగర కాసేపు తగ్గుతుంది, అంతే. మాస్కులు కొనిపెట్టమని ఓనర్ని అడుగు. బెల్లం కూడా మానొద్దని చెప్పు.